నేను అంటే జుట్టు, మీరు అంటే గుణం: థాయ్ భాషలో మర్యాద లెక్కలు

బ్యాంకాక్, పటాయా వెళ్లొచ్చిన మన మగవాళ్లు చాలామంది నేర్చుకొచ్చే మొదటి మాట "సవాదీ కా". విమానంలో ఎయిర్‌హోస్టెస్ అంది, హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి అంది, దుకాణంలో ఆవిడ అంది. అందరూ అదే అన్నారు కాబట్టి నమస్కారం అంటే అదే కాబోలు అనుకుని వీళ్లూ చేతులు జోడించి "సవాదీ కా" అనేస్తారు. ఎదుటివాళ్లు నవ్వుతారు. మర్యాదకు నవ్వే నవ్వే గానీ, అందులో కాస్త నిజం నవ్వు కూడా కలిసి ఉంటుంది. ఎందుకంటే ఆ "కా" ఆడవాళ్ల మాట.

ఆ మాటను సరిగ్గా పలికితే "ఖా". మగవాడైతే "ఖ్రప్" అనాలి. మామూలు మాటల్లో రకారం జారిపోయి "ఖప్" అని వినిపిస్తుంది. మన "అండీ" లాంటిదే కదా అనిపిస్తుంది కానీ ఒక తేడా ఉంది. "వస్తానండీ" అని మగవాడైనా అంటాడు, ఆడమనిషైనా అంటుంది. థాయ్‌లో ఈ తోక తగిలించాలా వద్దా అన్నది వినేవాళ్లను బట్టి ఉంటుంది. రెండింటిలో ఏది తగిలించాలన్నది మాత్రం మాట్లాడేవాళ్లను బట్టి ఉంటుంది. అందుకే ట్రాన్స్ మహిళలు "ఖా" అంటారు. ఒక్క అక్షరంలో ఎదుటివాడికి గౌరవం ఇస్తూనే తానెవరో కూడా చెప్పేసుకోవడం అన్నమాట.

"ఖా"లోనూ రెండు రకాలు. మామూలు వాక్యం చివర స్వరం పైనుంచి కిందికి దిగాలి. ప్రశ్న చివర పొట్టిగా, పైస్థాయిలో ఉండాలి. రాతలో రెండింటికీ వేరువేరు గుర్తులు. వీటిని తారుమారు చేసి రాసేవాళ్లు థాయ్‌లాండ్‌లోనే కొల్లలు. మన దగ్గర ల, ళ తేడా తెలియదా అని ఫేస్‌బుక్‌లో దెబ్బలాడుకున్నట్టే వాళ్లు దీనిమీద దెబ్బలాడుకుంటారు.

ఇక "సవాదీ". అసలు మాట "సవత్‌దీ", మన "స్వస్తి". సంస్కృత మాట కాబట్టి ఏ వెయ్యేళ్ల నాటి సంప్రదాయమో అనుకుంటాం. కాదు. 1930లలో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన ప్రాయా ఉపకిత్ సిల్పసాన్ అనే పండితుడు దీన్ని పలకరింపుగా వాడుకలో పెట్టాడు. 1943లో ప్రధాని ఫిబూన్ సొంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం దీన్ని అధికారిక పలకరింపు చేసింది. అంతకుముందు జనం ఏమనేవారంటే "కిన్ ఖావ్ రూ యంగ్?" అంటే "అన్నం తిన్నావా, ఇంకా లేదా?" లేకపోతే "పై నై?" అంటే "ఎక్కడికి?" ఊళ్లలో ఇప్పటికీ ఇవే. "కిన్ ఖావ్" అన్నది అక్షరాలా "అన్నం తినడం", అర్థం భోజనం చేయడం. ఈ పలకరింపు మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. కాకపోతే బయల్దేరేవాణ్ణి "ఎక్కడికి?" అని అడిగితే మన దగ్గర కొందరు వెనక్కొచ్చి కాసిన్ని మంచినీళ్లు తాగి వెళ్తారు. వాళ్లకు ఆ పట్టింపు లేదు.

తెలుగులో మర్యాద ఎక్కడుంటుంది? ఎక్కువగా క్రియ చివర. వచ్చాడు, వచ్చారు. రా, రండి. నువ్వు, మీరు అన్న రెండు మాటలు, పేరు పక్కన ఒక "గారు", వాక్యం చివర ఒక "అండీ". వీటితో బతుకంతా వెళ్లిపోతుంది. థాయ్ క్రియకు అసలు తోకే లేదు. "మా" అంటే వచ్చు. నేను వచ్చినా, రాజుగారి అంగరక్షకుడు వచ్చినా, కుక్క వచ్చినా, నిన్న వచ్చినా, రేపు వచ్చినా ఆ మాట "మా"గానే ఉంటుంది. మరి గౌరవం ఎక్కడ పెట్టాలి? నేను, మీరు అనే మాటల్లో కొంత, వాక్యం చివర ఖ్రప్, ఖాల్లో కొంత, వరసల్లో కొంత పెట్టారు. అవీ చాలనప్పుడు క్రియనే పూర్తిగా మార్చేశారు. థాయ్ మర్యాద అంత చిక్కుగా కనిపించడానికి కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది.

ముందు "నేను" సంగతి. మగవాడు మర్యాదగా "నేను" అనాలంటే "ఫొమ్" అంటాడు. (ఇక్కడ ఫ అంటే ఇంగ్లిష్ ఎఫ్ కాదు, ప కింద ఒత్తు పెట్టి పలకాలి.) ఫొమ్ అంటే తలమీద జుట్టు. ఒంట్లో అన్నిటికన్నా పైనున్నది తల, దానిమీద జుట్టు. నా ఒంట్లో అంత ఎత్తున ఉన్నది కూడా మీ ముందు వంచాను అన్న భావం అందులో ఉంది. "మీరు" అనడానికి "ఖున్" అంటారు. ఇది మన "గుణం". పేరు ముందు పెడితే "గారు" అవుతుంది: ఖున్ సోమ్‌చాయ్, ఖున్ మాలీ. సంస్కృత అక్షరాలు థాయ్ నోట్లో కాస్త మారతాయి. గ కాస్తా ఖ అవుతుంది, ద కాస్తా థ, ప కాస్తా బ, త కాస్తా ద. ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే సగం థాయ్ మన ఇంటి మాటలా వినిపించడం మొదలవుతుంది. గురువు "ఖ్రూ" అయ్యాడు, స్కూలు టీచరు. ఆచార్యుడు "ఆచాన్" అయ్యాడు, కాలేజీలో చెప్పేవాడు. టీచర్‌తో మాట్లాడుతూ "మీరు" అనడం కన్నా "ఆచాన్" అనడమే మర్యాద.

ఆడవాళ్ల "నేను" ఇంత తేలిక కాదు. మగవాడికి ఒక్క ఫొమ్ ఆఫీసులోనూ, బ్యాంకులోనూ, మామగారి దగ్గరా చెల్లిపోతుంది. ఆడవాళ్లకు అలాంటి మాట "దిచన్". కానీ అది మరీ ఇస్త్రీ చీర మడతలా బిగుసుకుని ఉంటుంది. సభలో, టీవీలో తప్ప నలుగురిలో అంటే ఎబ్బెట్టు. "చన్" అంటే చనువు ఎక్కువైపోతుంది. అందుకని స్నేహితుల దగ్గర "రావ్" అంటారు. అసలు అర్థం "మేము", వాడుకలో "నేను" కూడా. తనకన్నా చిన్నవాళ్లతో "ఫీ" అంటే అక్క అంటారు. ఇంట్లో ముద్దుపేరుతో తమను తామే పిలుచుకుంటారు. పెద్దవాళ్ల దగ్గర, బాస్ దగ్గర "నూ" అంటారు. నూ అంటే ఎలుక. ముప్ఫై ఏళ్లు దాటిన ఉద్యోగిని కూడా పెద్ద వయసు అధికారి ముందు "ఎలుక ఇప్పుడే ఫైలు తెస్తుందండీ" అన్నట్టు మాట్లాడుతుంది. మనకు నవ్వొస్తుంది గానీ, వాళ్లకు అందులో ఎలుక కనపడదు. "వాడి తలకాయ" అన్నప్పుడు మనకు తలకాయ కనపడనట్టే. ఒక్క "నేను" కోసం ఆడవాళ్లు రోజుకు ఐదారు మాటలు మార్చాల్సి రావడం, మగవాళ్లకు ఒకటి సరిపోవడం మాత్రం నాకు అంత ముద్దుగా అనిపించదు.

బౌద్ధ సన్యాసి "నేను" అనాలంటే "ఆత్తమా" అంటాడు. మన "ఆత్మ"నే. ఆత్మ అనేదే లేదని బోధించిన మతంలో సన్యాసులు తమను తాము ఆత్మ అని పిలుచుకోవడం భాష చేసిన చిలిపి పని. సన్యాసి తింటే "చన్" అనే క్రియ వాడాలి. పైన చెప్పిన చనువైన "నేను"కూ దీనికీ రాత ఒకటే. సన్యాసుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు అనకూడదు. రెండు "రూప్", మూడు "రూప్" అనాలి. రూపమే. మామూలు మనుషుల్ని "ఖొన్" అని, జంతువుల్ని "తువా" అని, బుద్ధ విగ్రహాన్ని "ఓంగ్" అని లెక్కపెడతారు. లెక్కలో కూడా ఎవరి పీట వాళ్లదే.

ఈ పీటలన్నీ మొదటినుంచీ లేవు. పాత థాయ్ రాజధాని సుఖోథాయ్‌లో దొరికిన రామ్‌ఖమ్‌హేంగ్ శాసనం మీద 1292 నాటి తేదీ ఉంది. తర్వాత రాజైన మొంగ్‌కుత్ సన్యాసిగా ఉన్న రోజుల్లో, 1833లో దాన్ని కనుగొన్నాడు. అది అంత పాతది కాదని వాదించే పండితులూ ఉన్నారు, ఆ గొడవ పక్కన పెడదాం. ఆ శాసనం మొదలే "ఫో కూ" అని. "మా నాన్న పేరు శ్రీ ఇంద్రాదిత్య" అని రాజు చెప్పుకుంటున్నాడు. అందులో "నా" అనడానికి వాడిన మాట "కూ". దాని జంట "ముంగ్", నువ్వు. ఇవాళ బ్యాంకాక్‌లో ముక్కూ మొహం తెలియనివాణ్ణి "ముంగ్" అంటే కొట్లాటే. రాజు రాతిమీద చెక్కించుకున్న మాట ఇప్పుడు బూతులాంటి మాట అయింది. మాటలో తేడా రాలేదు, దాని పైన కొత్త పీటలు వేసుకుంటూ పోయేసరికి అది నేలమీద మిగిలింది. మన దగ్గరా తెలంగాణ, ఉత్తరాంధ్ర ఊళ్లలో పెద్దవాళ్లను కూడా ప్రేమగా "నువ్వు" అనే వాడుక ఉంది. పట్నం నుంచి వచ్చినవాడు దాన్ని మర్యాద లేకపోవడం అనుకుంటాడు. అక్కడ లేనిది మర్యాద కాదు, మెట్లు.

ఫిబూన్ ప్రభుత్వం ఈ మెట్లు తగ్గించబోయింది కూడా. అందరూ నేను అనడానికి "చన్", మీరు అనడానికి "థాన్" అనే రెండు మాటలతో సరిపెట్టుకోండి అంది. 1942లో అక్షరాలు కూడా తగ్గించింది. 1944లో ఆయన పదవి పోగానే జనం పాత అక్షరాలకు, పాత మాటలకు హాయిగా తిరిగిపోయారు. పలకరింపు ఒక్కటే మిగిలింది.

రోజువారీ బతుకులో ఎక్కువ పనిచేసేవి మాత్రం వరసలు. ఇక్కడ మనకూ వాళ్లకూ భలే దగ్గర. కూరగాయల ఆవిణ్ణి అక్కా అని, ఆటో అతన్ని అన్నా అని పిలిచే జాతి మనది. వాళ్లు "ఫీ" అంటారు, తనకన్నా పెద్ద. "నోంగ్" అంటారు, తనకన్నా చిన్న. ఆడా మగా తేడా లేదు, వయసే ముఖ్యం. హోటల్లో వెయిటర్‌ను "నోంగ్" అని పిలుస్తారు, టాక్సీ డ్రైవర్‌ను "ఫీ" అంటారు. పరిచయమైన రెండో నిమిషంలో "మీ వయసెంత?" అని అడిగితే మనవాళ్లలో కొందరు చిన్నబుచ్చుకుంటారు. అది కూపీ లాగడం కాదు. వయసు తెలియకపోతే అవతలి మనిషికి వాక్యమే మొదలుకాదు.

తల్లిదండ్రుల తోబుట్టువుల దగ్గర లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. అమ్మానాన్నల కన్నా పెద్దవాళ్లయితే మగవాడు "లుంగ్", ఆడమనిషి "పా". అమ్మ వైపా నాన్న వైపా అన్నది అక్కర్లేదు. చిన్నవాళ్లయితే సీను తిరగబడుతుంది. అమ్మ వైపు వాళ్లు "నా", నాన్న వైపు వాళ్లు "ఆ". ఆడా మగా అన్నది అక్కర్లేదు. మేనమామ, బాబాయ్ అని పక్కలు చూసే మనకు, చూడాల్సిందల్లా ముందు వయసు అనే ఈ లెక్క అలవాటు కావడానికి టైమ్ పడుతుంది.

ఇంకో ప్రమాదం స్వరం. థాయ్‌లో ఐదు స్వరాలు. "ఫీ" స్వరం దిగితే అన్నా అక్కా. స్వరం లేస్తే దయ్యం. ఇది అయినా నవ్వుకుని వదిలేస్తారు. చైనా మూలాలున్న కుటుంబాల్లో అన్నను "హియా" అంటారు. చైనా వీధిలో షాపు యజమానిని కూడా అలాగే పిలుస్తారు. సమస్వరంలో అనాలి. స్వరం దిగిందా, అది ఉడుము. థాయ్ తిట్లలో ఉడుముది చాలా పెద్ద స్థానం. ఎంత పెద్దదంటే, బ్యాంకాక్ లుంఫినీ పార్కులో దర్జాగా తిరిగే నిజం ఉడుముని చూపించి దాని పేరు చెప్పడానికి కూడా పెద్దమనుషులు జంకుతారు. "తువా ఙొన్ తువా థోంగ్" అంటారు, వెండి జీవి, బంగారు జీవి అని. మనం పామును "పురుగు" అనడం లాంటిదే. కాకపోతే మనకు భయం కాటుకి, వాళ్లకు భయం మాటకి.

పేరు మార్చి మర్యాద చేయడం వాళ్లకు పెద్ద శాస్త్రం. కుక్కను నోటిమాటలో "మా" అంటారు (వచ్చు అనే "మా" స్వరం వేరు). వార్తల్లో, బోర్డు మీద "సునక్", మన శునకమే. పంది "మూ", మర్యాదకు "సుకోన్", మన సూకరం. ఆవు "వువా", మర్యాదకు "ఖో", మన గో. తోటకూర కట్టలా అమ్మే "ఫక్ బుంగ్" అనే ఆకుకూరకు కూడా సభల్లో చెప్పడానికి వేరే పేరుంది. శునకం, సూకరం అనగానే మనకు పద్యమో ఎగతాళో గుర్తొస్తుంది. వాళ్లకు మునిసిపాలిటీ నోటీసు గుర్తొస్తుంది.

అన్నిటికన్నా పై మెట్టు "రాచా సప్", రాజ శబ్దం. రాజకుటుంబం గురించి, వాళ్లతో మాట్లాడేటప్పుడు వాడే భాష. ఆయుత్థయ రాజధానిగా ఉన్న పాతకాలంలో అక్కడి రాజులు ఖ్మేర్, అంటే నేటి కంబోడియా, దర్బారు పద్ధతులు తెచ్చుకున్నారు. వాటితో మాటలూ వచ్చాయి, పైన సంస్కృతం, పాళీ చేరాయి. మామూలు మనిషి తింటే "కిన్". మర్యాదగా "రప్ ప్రథాన్", అంటే ప్రదానం చేసింది స్వీకరించడం. ఇది పొడుగైపోయి జనం "థాన్" అని కత్తిరించేశారు. కానీ థాన్ అంటే దానం, ఇవ్వడం. తినడాన్ని ఇవ్వడం అంటారేమిటని వ్యాకరణం మాస్టార్లు నెత్తి కొట్టుకుంటూనే ఉంటారు. రాజు తింటే "సవోయ్", ఖ్మేర్ మాట. మామూలు క్రియకు ముందు "సొంగ్" చేరిస్తే అది రాచ క్రియ అవుతుంది. కానీ సవోయ్ లాంటి పుట్టు రాచమాటకు మళ్లీ సొంగ్ చేర్చకూడదు. స్కూలు పరీక్షల్లో పిల్లలు తప్పేది ఇక్కడే.

చావులోనూ అంతే. మామూలుగా "తాయ్", కాస్త మెత్తగా "సియా". సన్యాసి పోతే "మొరనఫాప్", అందులో మన మరణం ఉంది. రాజు పోతే "సవన్‌ఖొత్", స్వర్గగతుడు. 2016 అక్టోబర్ 13న భూమిబల్ రాజు మరణించినప్పుడు రాజభవనం ప్రకటనలో వాడింది ఈ మాటే. మన పేపర్లలో సంతాప ప్రకటనలకు "స్వర్గస్తులయ్యారు" అని ఎవరైనా వేయించుకోవచ్చు. అక్కడ ఆ స్వర్గానికి రిజర్వేషన్ ఉంది.

రాజును "మీరు" అని ఎలా అనాలి? నేరుగా అనే ధైర్యం భాషకు లేదు. "తాయ్ ఫా లఓంగ్ థులీ ఫ్ర బాత్" అనాలి. థులీ అంటే ధూళి, బాత్ అంటే పాదం. మొత్తం కలిపితే, తమ పాదాల అడుగున ఉన్న సన్నని ధూళి. మాట్లాడుతున్నది రాజుతో కాదు, ఆయన కాలి కింది దుమ్ముతో. హోదా తగ్గేకొద్దీ ఈ మాటలో ముక్కలు రాలిపోతాయి. యువరాజు దగ్గర థులీ పోతుంది. ఇంకా కింది రాచవాళ్ల దగ్గర "ఫా ఫ్ర బాత్", ఒట్టి అరికాలే మిగులుతుంది. రాజు ముందు తనను తాను "ఖా ఫ్ర ఫుత్థ చావ్" అనుకోవాలి, బుద్ధ భగవానుడి సేవకుణ్ణి అని. ఒకవైపు నా జుట్టు, మరోవైపు మీ అరికాలు. థాయ్ మర్యాద భాష అంతా ఈ రెండింటి మధ్య దూరమే. "పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది" అని తాతల నాటి ఉత్తరాలు చూసినవాళ్లకు ఈ దారి కొత్తేమీ కాదు. మనం ఉత్తరాలతో పాటు దాన్నీ వదిలేశాం. చులాలాంగ్‌కార్న్ రాజు 1873లో తన ముందు నేలమీద పడి మొక్కడం రద్దు చేశాడు. మనుషులు లేచి నిలబడ్డారు, సర్వనామాలు లేవలేదు. ఇరవయ్యో శతాబ్దంలో మనుషులు కూడా మళ్లీ నేలమీదికి వచ్చారు, అది వేరే కథ.

రాజులు, సన్యాసులు లేని మామూలు రోజున వాడే మాటల్లోనూ మనవి బోలెడు. "దయచేసి" అనడానికి బోర్డుల మీద "కరునా" అని ఉంటుంది, కరుణే. సారీ చెప్పడానికి "ఖో థోత్", దోషం అడుగుతున్నాను అని. ఇంకాస్త గౌరవంగా "ఖో అఫై", అభయం అడుగుతున్నాను. థాంక్స్‌కు "ఖోప్ ఖున్", ఇక్కడా గుణమే. అదే థాంక్స్ చిన్నవాళ్లకైతే "ఖోప్ చై" చాలు, చై అంటే మనసు.

ఆ చైతోనే "క్రేంగ్ చై" అనే మాట ఉంది. థాయ్ గురించి రాసేవాళ్లంతా దీన్ని అనువదించలేం అంటారు. మనం అనువదించగలం, ముప్పావు వంతు వరకు: మొహమాటం. పొరుగింట్లో ఆకలేస్తున్నా తినే వచ్చామనడం, బాస్ చెప్పింది అర్థం కాకపోయినా తలూపడం, రాత్రి తొమ్మిదయిందని ఫోన్ చేయడానికి జంకడం, అన్నీ అందులోకి వస్తాయి. మిగతా పావు వంతులోనే తేడా. మొహమాటంలో ఇబ్బంది మనది, కాదనలేక ఇరుక్కుంటాం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఎలాగూ ఉంది, ఇక్కడ పూర్తి చేయక్కర్లేదు. క్రేంగ్ చైలో చూపు అవతలివాడి మీద ఉంటుంది, నా వల్ల అతని మనసుకు బరువు కాకూడదని. అందుకే మనం మొహమాటాన్ని బలహీనత అంటాం, "మొహమాటపడకండి" అని నేర్పిస్తాం. వాళ్లు పిల్లలకు క్రేంగ్ చై లేకపోతే పెంపకం బాగాలేదంటారు. థాయ్ ఆఫీసుల్లో పనిచేసే విదేశీయులు మొదట తడబడేది ఇక్కడే. "సరే ఖ్రప్" అన్న మాట ఒప్పుకోవడమో, వింటున్నానని చెప్పడమో, కాదనలేకపోవడమో మొహం చూసి తేల్చుకోవాలి.

ఇన్ని మెట్లున్న భాషలో ప్రాణస్నేహితులు ఏమని పిలుచుకుంటారంటే, శాసనం నాటి "కూ", "ముంగ్" అనే. మన "ఏరా", "ఒరేయ్" లాగా. ఇరవై ఏళ్లుగా ముంగ్ అంటున్న స్నేహితుడు ఒకరోజు ఫోనెత్తి, నిదానంగా "ఫొమ్" అని తనను, "ఖున్" అని నిన్ను పిలిచి, ప్రతి వాక్యం చివర "ఖ్రప్" తగిలిస్తున్నాడంటే మర్యాద పెరిగిందని సంబరపడకూడదు. ఎప్పుడూ నువ్వనే మనిషి ఉన్నట్టుండి "తమరు ఎప్పుడు దయచేస్తున్నారో" అంటే మన ఇళ్లలో ఏం అర్థమో, అక్కడా అదే.